ముప్పై సెంట్లు అమ్మి సీఎస్ఈలో చేర్చాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర పల్లె. టైలరింగ్ చేస్తాను. పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఎంసెట్‌లో మాత్రం ర్యాంకు పెద్దగా రాలేదు. దగ్గర్లోని కాలేజీలో కన్వీనర్ కోటాలో ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) సీటు వచ్చేలా ఉంది. ఇంకో ప్రైవేటు కాలేజీ వాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), అందులోనూ ఏఐ (కృత్రిమ మేధ) ఇస్తామన్నారు. నాలుగేళ్లకి హాస్టల్‌తో కలిపి ఎనిమిది లక్షల దాకా అవుతుంది. సీటు పోతుందన్నారని పది వేలు అడ్వాన్స్ కట్టేశాను. ‘కంప్యూటర్లే చదివించు బావా, మిగతావన్నీ దండగ’ అంటున్నాడు హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది. మా గుంటేమో శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతానని పట్టుబట్టింది. రోడ్డు పక్కన ముప్పై సెంట్లుంది, దాన్ని అమ్మితేగానీ సీఎస్ఈ కాదు. ఏ చదువుకి ఎంత జీతం వస్తుందో నిజం చెప్పండి.

సమాధానం:

అన్నయ్యా, ముందు మీరు అడిగిన అసలు మాటకే జవాబు చెబుతాను. ముప్పై సెంట్లు అమ్మొద్దు. ఆ మేనేజ్‌మెంట్ సీటు కోసమైతే అసలే వద్దు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. చదివాక అమ్మాయి చేత కూడా చదివించండి.

ఏ చదువుకి ఎంత జీతం అన్న ప్రశ్నకి బ్రిటన్‌లో ప్రభుత్వమే లెక్క కట్టి చెబుతుంది. డిగ్రీ చదివిన వాళ్ల వివరాలను పన్నుల రికార్డులతో కలిపి, ఏ యూనివర్సిటీలో ఏ సబ్జెక్టు చదివిన వాళ్లు కొన్నేళ్లకి ఎంత సంపాదిస్తున్నారో బయటపెడుతుంది. అక్కడ వైద్యం, ఎకనామిక్స్ చదివిన వాళ్లు పైన ఉంటారు. చిత్రకళ, నాటకం, సంగీతం లాంటివి చదివిన వాళ్లు కింద ఉంటారు. ఇంతవరకూ మీ బావమరిది ఒప్పుకునే మాటే. కానీ అదే లెక్కల్లో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకే సబ్జెక్టు చదివినా యూనివర్సిటీని బట్టి జీతం ఎంతో తేడాగా ఉంటుంది. పిల్లల పాత మార్కులనూ, ఇంటి స్థితిగతులనూ లెక్కలోంచి తీసేసి చూస్తే సబ్జెక్టుల మధ్య కనిపించే తేడాలో కొంత కరిగిపోతుంది. అంటే ఆ జీతమంతా సబ్జెక్టు తెచ్చిపెట్టింది కాదు. బాగా చదివే పిల్లలు ఎక్కువగా అందులో చేరడం వల్ల వచ్చింది కూడా అందులో ఉంది. అక్కడి పరిశోధన సంస్థ ఐఎఫ్ఎస్ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రతి ఐదుగురు గ్రాడ్యుయేట్లలో ఒకరు డిగ్రీ చదవకుండా ఉంటేనే డబ్బు పరంగా బాగుండేవారు. అంత సంపన్న దేశంలో, అన్ని యూనివర్సిటీలున్న చోట ఆ మాట వచ్చిందంటే మనం ఆగి ఆలోచించాలి.

మన దగ్గర పన్ను రికార్డులతో కలిపి కట్టిన అలాంటి లెక్క దొరకదు. అందుకే ఆ ఖాళీలో కాలేజీల ఫ్లెక్సీలు నిలబడ్డాయి. శ్రీకాకుళం బస్టాండ్ దగ్గరా, విజయనగరం రోడ్డు పొడవునా ఈ రోజుల్లో ఎటు చూసినా ‘హైయెస్ట్ ప్యాకేజీ’ అని ఒక కుర్రాడి ఫొటో, పక్కన పెద్ద అంకె. ఆ అంకె అబద్ధమని నేను అనను. అది ఆ ఒక్క పిల్లాడి జీతం. మీ అమ్మాయికి దానితో సంబంధం లేదు.

ఉదాహరణకి ఐదుగురికి ఉద్యోగాలొచ్చాయనుకోండి. నలుగురికి ఏడాదికి రెండు లక్షల నలభై వేలు, రెండు లక్షల ఎనభై వేలు, మూడు లక్షలు, మూడు లక్షల నలభై వేలు. ఐదో వాడికి నలభై నాలుగు లక్షలు. సగటు తీస్తే పదకొండు లక్షలు దాటుతుంది. కానీ వరసలో నిలబెడితే మధ్యలో ఉన్న పిల్లకి వచ్చేది మూడు లక్షలే. దాన్నే మీడియన్ అంటారు. మీకు కావాల్సింది ఆ మధ్య పిల్ల జీతం. మీ అమ్మాయి క్లాసులో మొదటి స్థానంలోనే ఉంటుందని నమ్మి భూమి అమ్మకూడదు కదా. మధ్యలో ఉన్నా కూడా ఇల్లు మునిగిపోని దారి చూసుకోవాలి.

ఈ మీడియన్ జీతం ఎక్కడ దొరుకుతుందో చాలామందికి తెలియదు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు తమ వివరాలు పంపుతాయి. వాటిని తమ వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. మీ అమ్మాయి ఫోన్‌లోనే ఆ కాలేజీ సైట్ తెరిచి, ‘ఎన్ఐఆర్ఎఫ్’ అన్న లింకు నొక్కితే ఒక పీడీఎఫ్ వస్తుంది. అందులో ప్లేస్‌మెంట్ పట్టికలో ఏడాదివారీగా ఎంతమంది చేరారు, సకాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం ఎంత, పైచదువులకి ఎంతమంది వెళ్లారు అని వరసగా ఉంటుంది. ముందు పాసైన వాళ్ల అంకె, దాని పక్కన ఉద్యోగం వచ్చిన వాళ్ల అంకె చూడండి. నాలుగు వందల మంది పాసై, నూట ఎనభై మందికే ఉద్యోగాలొస్తే, మీడియన్ జీతం ఆ నూట ఎనభై మందిదే. మిగిలిన రెండు వందల ఇరవై మంది ఆ అంకెలో లేరు. వాళ్లలో కొందరు ఎంటెక్‌కో, అమెరికాకో వెళ్లి ఉండొచ్చు. మిగతావాళ్లు ఏమయ్యారో ఏ ఫ్లెక్సీ చెప్పదు. ఇంకో మాట, ఈ వివరాలు కాలేజీ స్వయంగా ఇచ్చుకున్నవి, అన్ని బ్రాంచీలూ కలిపి ఇచ్చినవి. అయినా ఫ్లెక్సీ మీది అంకె కంటే నయం. ఆ పీడీఎఫ్ వెబ్‌సైట్‌లో ఎక్కడా కనిపించకపోతే, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని నేరుగా అడగండి. ‘నిరుడు సీఎస్ఈ–ఏఐ సెక్షన్‌లో పాసైన వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో జాయినయ్యారు?’ అనండి. ఆఫర్ లెటర్లు ఎన్ని అని కాదు, జాయినైన వాళ్లు ఎంతమంది అని. ఈ మధ్య ఆఫర్ చేతిలో పెట్టుకుని నెలల తరబడి, కొందరు ఏడాదికి పైగా ఇంట్లో కూర్చున్నారు. ఆ టెన్షన్ మామూలుది కాదు.

ఇప్పుడు సీఎస్ఈ సంగతి. మీ బావమరిది చెప్పింది ఒకప్పుడు నిజమే. మన జిల్లాల నుంచి ఎన్నో ఇళ్లు ఈ చదువుతోనే లేచాయి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ పెద్ద ఐటీ కంపెనీల్లో మామూలు కొత్త ఇంజినీర్ జీతం పదిహేనేళ్ల కింద ఏడాదికి మూడు లక్షల చిల్లర ఉండేది. టీసీఎస్‌లో మామూలుగా చేరే వాళ్లకి ఇప్పుడు 3.36 లక్షలు. ఈలోపు బియ్యం, అద్దె, బస్సు ఛార్జీ రెట్టింపు దాటాయి. పైగా 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య సుమారు 64 వేలు తగ్గింది.

3.36 లక్షలంటే నెలకి ఇరవై ఎనిమిది వేలు. పీఎఫ్, ఇతర కోతలు పోగా చేతికి ఇంకా తక్కువ వస్తుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్, తిండి, తిరుగుడు పోగా అమ్మాయి గట్టిగా పొదుపు చేస్తే నెలకి పది వేలు మిగలొచ్చు. ఎనిమిది లక్షలు తిరిగి రావడానికి ఆరేళ్ల ఎనిమిది నెలలు. జీతం పెరుగుతుంది, నిజమే. పని బాగా నేర్చుకున్న వాళ్లకి మూడు నాలుగేళ్లలో రెట్టింపు కూడా అవుతుంది. కానీ ఇదంతా ఉద్యోగం వస్తే అన్న లెక్క. రాకపోతే ముప్పై సెంట్లు పోయాయి, అమ్మాయి ఇంట్లో ఉంది, చెల్లెలి చదువుకి చేతిలో ఏమీ లేదు. అమ్మిన భూమి మళ్లీ కొనడం టైలరింగ్ మీద అయ్యే పని కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

మేనేజ్‌మెంట్ కోటాలో ఇంకో చిక్కుంది. ఆ సీటుకి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. అదే కన్వీనర్ కోటాలో అర్హత ఉన్న వాళ్లకి వర్తిస్తుంది. ‘ఏఐ’ అన్న రెండక్షరాలు చూసి మోసపోకండి. ఆ కాలేజీలో అది చెప్పడానికి మాస్టార్లున్నారా, ల్యాబ్ ఉందా అన్నది వేరే సంగతి. థర్డియర్‌లో ఉన్న ఏ పిల్లనైనా గేటు దగ్గర ఆపి, ‘ఏఐ సబ్జెక్టులు ఎవరు చెబుతున్నారమ్మా?’ అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ట్రిపుల్ఈ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నిజానికి మీ దగ్గరున్న మూడు దారుల్లో డబ్బు పరంగా నికరమైనది అదే. పెద్ద ఐటీ కంపెనీలు క్యాంపస్‌కి వస్తే చాలాసార్లు అన్ని బ్రాంచీల వాళ్లనీ ఒకే పరీక్షకి కూర్చోబెడతాయి, ఒకే జీతం ఇస్తాయి. అంటే ఐటీ ద్వారం ట్రిపుల్ఈ వాళ్లకి మూసి లేదు. దానికి తోడు కరెంటు సంస్థలైన ట్రాన్స్‌కో, ఈపీడీసీఎల్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులు, రైల్వేలో జూనియర్ ఇంజినీర్, గేట్ రాసి వెళ్లే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ఇవన్నీ సీఎస్ఈ వాళ్లకి అంత సులువుగా తెరుచుకోవు. కానీ ట్రిపుల్ఈలో లెక్కలు గట్టివి. ఇష్టం లేని పిల్లని కూర్చోబెడితే రెండో ఏడాదికే బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) పేరుకుంటాయి. అవి పేరుకున్న పిల్లని క్యాంపస్ ఇంటర్వ్యూకి రానివ్వని కంపెనీలే ఎక్కువ.

ఇక అమ్మాయి అడుగుతున్న కెమిస్ట్రీ. నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెబుతాను కాబట్టి ఇది దగ్గర నుంచి చూస్తున్న సంగతి. మన దగ్గర కెమిస్ట్రీకి ఉన్నంత ఊతం ఇంకో సైన్స్ సబ్జెక్టుకి లేదు. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి. విశాఖ దాటితే పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం. పైడిభీమవరం ఇంటి నుంచి పొద్దున బయల్దేరి వెళ్లగలిగినంత దూరంలో ఉంది, మిగతా రెండూ రోజూ వెళ్లి వచ్చేంత దగ్గర కాదు. కానీ బీఎస్సీతో ఆగిపోతే దొరికేది ఎక్కువగా ప్రొడక్షన్‌లో షిఫ్ట్ పని, లేదంటే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కింది పోస్టు. మొదట్లో జీతం పదిహేను, ఇరవై వేల మధ్య ఉంటుంది. ఆ ల్యాబ్‌లో కూర్చోవాలంటే మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద చేయి తిరిగి ఉండాలి. చేసిన ప్రతి పనీ, టైముతో సహా, కొట్టివేతలు లేకుండా రాసే అలవాటుండాలి. ఇంటర్వ్యూలో ఆ రెండే అడుగుతారు. మా పిల్లల్లో చాలామంది ఫార్ములాలు గడగడా చెబుతారు, బఫర్ ఎలా కలుపుతారు, పీహెచ్ ఎలా చూస్తారు అంటే నోరు విప్పరు. చేర్చే ముందు ఆ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కి మీరూ అమ్మాయీ కలిసి వెళ్లండి. గాజు సామాన్లు అద్దాల బీరువాలో దుమ్ము పట్టి ఉన్నాయా, సింకు పక్కన తడిగా ఉన్నాయా చూడండి. తడిగా ఉంటే పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయిస్తున్నట్టే.

అందుకని కెమిస్ట్రీ తీసుకుంటే ఎమ్మెస్సీ దాకా అని ముందే అనుకుని చేరాలి. డిగ్రీ మూడేళ్లకి ఇచ్చేస్తారు, నాలుగో ఏడాది చదివితే ఆనర్స్. ఆ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష, ఆంధ్రా యూనివర్సిటీ లాంటి వాటికి రాష్ట్ర పీజీసెట్, కేంద్ర యూనివర్సిటీలకి సీయూఈటీ ఉన్నాయి. ఎంసెట్‌లో తడబడిన పిల్ల జామ్ రాసి ఐఐటీ గుమ్మం తొక్కే అవకాశం ఉందని మన ఊళ్లలో చాలామందికి తెలియదు. ఎమ్మెస్సీ ఉంటే ఆర్ అండ్ డీలో, అనలిటికల్ ల్యాబుల్లో తీసుకుంటారు. ఐదేళ్లు గడిచేసరికి ఆ జీతం మామూలు ఐటీ జీతానికి దగ్గరగా వస్తుంది. మొదటి రెండేళ్లు మాత్రం వెనకే ఉంటుంది, దాన్ని దాచను.

టీచర్ ఉద్యోగం కూడా అమ్మాయి మనసులో ఉంటే, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిసి ఉన్న డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఎడ్, టెట్, ఆపైన డీఎస్సీ. స్కూల్ అసిస్టెంట్‌కి మొదటి బేసిక్ 44,570. మంచి జీతం, ఊళ్లో గౌరవం, సందేహం లేదు. కానీ 2018 తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లోనే, 16,347 పోస్టులతో. ఆ మధ్య ఏళ్లలో కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి పెళ్లిళ్లు, ఉద్యోగాలు అన్నీ వాయిదా వేసుకున్న పిల్లలు నాకు బాగా తెలుసు. దాన్ని ఒక్కటే నమ్ముకుని చదివించొద్దు. ఏ డిగ్రీ అయినా సరిపోయే పరీక్షలు వేరే ఉన్నాయి. బ్యాంకు పీవోకి మొదటి బేసిక్ 48,480, క్లర్క్‌కి 24,050. ఇంటర్‌లో లెక్కల్లో అరవై శాతం మార్కులుంటే ఎస్ఎస్‌సీ నిర్వహించే జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకి ఏ డిగ్రీతోనైనా వెళ్లొచ్చు, బేసిక్ 35,400. మీ అమ్మాయికి ఆ అర్హత ఉన్నట్టే కదా. బీఎస్సీ చదువుతూనే రోజుకి గంట చొప్పున ఈ పరీక్షల లెక్కలు, ఇంగ్లీషు చూసుకుంటే, అది సీఎస్ఈ ఇచ్చే ధీమా కంటే తక్కువేమీ కాదు.

చదివి ఖాళీగా ఉండడం ఎంత పెద్ద బాధో అంకెల్లోనూ ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నివేదిక ప్రకారం, 2022లో మన దేశంలో డిగ్రీ చదివిన యువతలో 29.1 శాతం నిరుద్యోగులు. చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతమే. చదువు దండగ అని దీనికి అర్థం కాదు. చదువులేని కుర్రాడు ఖాళీగా ఉంటే పూట గడవదు, ఏ పని దొరికితే అది చేస్తాడు. డిగ్రీ చదివిన పిల్ల తన చదువుకి తగ్గది వస్తుందని ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు ఎన్నేళ్లు భరించగలరు అన్నది ఒక్కో ఇంటి స్తోమత. అందుకే మీరు చేతిలో డబ్బు ఉంచుకోవాలంటున్నాను.

ఇప్పుడు మీ ఉత్తరంలో లేని ఒక ప్రశ్న నేను అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఉద్యోగం వస్తే అమ్మాయిని పంపుతారా? మన శ్రీకాకుళం వాళ్లు వలసకి కొత్త కాదు. మత్స్యకారులు గుజరాత్ దాకా వెళ్తారు, తాపీ పనివాళ్లు చెన్నై, హైదరాబాద్ వెళ్తారు. మగపిల్లాడు ఎక్కడికైనా వెళ్తాడు. ఆడపిల్ల విషయం వచ్చేసరికి, లక్షలు పోసి బీటెక్ చదివించిన తండ్రే ‘బెంగళూరా? ఒంటరిగానా? వద్దు’ అంటాడు. అలా ఆఫర్ లెటర్ బీరువాలో పెట్టి, రెండేళ్లు ఇంట్లో ఉండి, తర్వాత పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన అమ్మాయిలు నా విద్యార్థుల్లోనే ఉన్నారు. బాగా చదివిన పిల్లలు. వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. ఏ సబ్జెక్టుకి ఎంత జీతం అని మీరు అడిగారు. ఆడపిల్లకి ఆ జీతం చేతికి రావడం, ఇంట్లోవాళ్లు ఆమెని ఎంత దూరం పంపుతారన్న దాని మీద ఉంటుంది. పంపను అనుకుంటే సీఎస్ఈ దండగ, ఎందుకంటే ఆ ఉద్యోగాలు ఆమదాలవలసలో లేవు. పంపుతాను అనుకుంటే ఆ మాట ఇప్పుడే అమ్మాయికి చెప్పండి. ఆమె చదివే తీరు మారుతుంది.

నా అభిప్రాయం అడిగితే ఇది. అమ్మాయికి లెక్కలంటే భయం లేకపోతే, కరెంటు పాఠాలు ఇష్టంగా చదవగలనంటే ట్రిపుల్ఈ. అది మనసుకి పట్టకపోతే కెమిస్ట్రీ, కానీ ఎమ్మెస్సీ వరకూ అని మాటిచ్చుకుని. పదిహేడేళ్ల పిల్ల ఒక సబ్జెక్టు పేరు చెప్పి పట్టుబట్టడం మామూలు విషయం కాదు. చాలామంది పిల్లలు ‘ఏదో ఒకటి నాన్నా’ అంటారు. ఎందుకు కెమిస్ట్రీ అని ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. ఏ టీచర్ బాగా చెప్పారో, ఏ పాఠం నచ్చిందో చెప్పగలిగితే వదిలేయండి, చదవనివ్వండి. ‘ఇంజినీరింగ్ కష్టం కదా’ అని మాత్రమే అంటే అప్పుడు ట్రిపుల్ఈ వైపు మళ్లించండి.

ఈ వారంలో చేయాల్సిన పనులు చెబుతాను. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్, డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు వేర్వేరు. రెండింటిలోనూ రిజిస్టర్ చేయించండి, ఒకటి చేస్తే రెండోది పోదు. ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ట్రిపుల్ఈ ఒక్క కాలేజీకే కాకుండా నాలుగైదు కాలేజీలకి, పైన చెప్పిన మీడియన్ అంకె చూసి వరసపెట్టండి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్లకి ఆ పని వదిలేయొద్దు. కొన్ని సెంటర్లలో తమకి కమీషన్ వచ్చే కాలేజీ పైన పెడతారు.

అడ్వాన్స్ కట్టిన పది వేల గురించి. తిరిగి రాదని వాళ్లు అంటే నమ్మేయొద్దు. సాంకేతిక విద్యని నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన ప్రకారం, కోర్సు మొదలయ్యేలోపు మానుకుంటే ప్రాసెసింగ్ ఖర్చు కింద వెయ్యి రూపాయలకి మించి పట్టుకోకూడదు, మిగతాది ఇచ్చేయాలి. నోటిమాటగా కాకుండా తెల్లకాగితం మీద తేదీ వేసి, సీటు వద్దంటున్నామని రాసి, ఒక కాపీ మీద ఆఫీసులో ముద్ర వేయించుకోండి. రసీదు జిరాక్స్ జతచేయండి. ముద్ర వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపండి. అమ్మాయి టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఆ కాలేజీలో ఇచ్చి ఉంటే అవి ముందు తెచ్చుకోండి. వాటిని దగ్గర పెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. ఇవ్వకపోతే ఏఐసీటీఈ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఫోన్‌లోనే అవుతుంది, అమ్మాయికి చెబితే చేసేస్తుంది.